"ఊరికే ఆడిస్తున్నారు" అంటున్నారా? చిన్న బడిలో మొదటి నెల అసలు పని అదే!

అవుకు నుంచి మళ్లీ వచ్చేశా. ఈ ఎపిసోడ్ మూడేళ్ల పిల్లల గురించి. "నాకింకా పెళ్లే కాలేదు, నాకెందుకు బ్రో" అని స్కిప్ చేయొద్దు. మీ అక్క కొడుకో, అన్న కూతురో, పక్కింటి బుడ్డోడో ఉంటారు కదా. ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే కాబట్టి, "ఏ స్కూల్ బాగుంటాదో చూడు" అని అడిగేది కూడా మిమ్మల్నే.

జూన్ వచ్చిందంటే మన నంద్యాల, బనగానపల్లె, ఆళ్లగడ్డ, ఎక్కడైనా వినపడే డైలాగ్ ఒకటుంది. "పది రోజులైంది, ఒక్క అక్షరం రాలా. ఊరికే ఆడిస్తున్నారు. అక్కడ మాన్పించి ఇంకో చోట వేద్దాం." ఈ ఒక్క మాటతో పిల్లోడి బడి మారిపోతుంది. కష్టపడి అలవాటైన టీచర్, ఇప్పుడిప్పుడే పరిచయమైన పిల్లలు, అన్నీ పోయి మళ్లీ మొదటి రోజు ఏడుపు దగ్గరికే వస్తాడు. పైగా ఫీజు ఒకటి. అందుకే ఈ రోజు ఒకే ఒక్క విషయం మాట్లాడుకుందాం: మొదటి నెలలో ఆ "ఊరికే ఆట"లో ఏం జరుగుతుంది?

మొదట ఏడుపు సంగతి చూద్దాం. మూడేళ్ల పిల్లోడు అక్షరాలకు భయపడి ఏడవడు. వాడి భయం ఒకటే: "అమ్మ వెళ్లిపోయింది, మళ్లీ వస్తుందా రాదా?" పెద్దవాళ్లకు టైమ్ తెలుసు. వాడికి గడియారం తెలియదు. అంటే మొదటి వారం వాడు నేర్చుకోవాల్సిన మొట్టమొదటి పాఠం "అ" కాదు, "వెళ్లినవాళ్లు తిరిగి వస్తారు" అనేది. ఇది నల్లబల్ల మీద రాసి చెప్పలేం. కానీ దీన్ని నేర్పే ఆట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాగుడుమూతలు! కనపడకుండా పోవడం, కాసేపు గుబులు, మళ్లీ కనపడటం, నవ్వు. పదిసార్లు ఆడితే పదిసార్లూ తిరిగి వచ్చారు. ఆ నమ్మకమే పొద్దున గుమ్మం దగ్గర పనికొస్తుంది.

అందుకే చాలామంది చేసే ఒక పని మాత్రం చేయొద్దు. పిల్లోడు బొమ్మ చూస్తుంటే వెనక నుంచి మెల్లగా జారుకోవడం. "ఏడవకుండా ఉంటాడు కదా" అనుకుంటాం. కానీ వాడు తిరిగి చూస్తే అమ్మ లేదు. ఇక రేపటి నుంచి బొమ్మ మీద కాదు, అమ్మ కొంగు మీదే కన్ను. చెప్పే వెళ్లండి. "అన్నం తినగానే వస్తా" అనండి. నాలుగు గంటలకు అంటే వాడికి అర్థం కాదు, అన్నం తర్వాత అంటే అర్థమవుతుంది. చెప్పిన టైమ్‌కి కచ్చితంగా వెళ్లండి. కాస్త ఏడ్చినా పర్లేదు.

ఇక రెండో డౌట్. కిటికీలోంచి తొంగి చూస్తే మనోడు ఒక్కడే కూర్చుని ఆడుకుంటుంటాడు. "అయ్యో, ఎవరితోనూ కలవట్లేదు" అని ఇంట్లో కంగారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు పిల్లలు ఎలా ఆడుకుంటారో గమనించి 1932లో ఒక పేపర్ రాసింది. అందులో ఆమె చెప్పిన ఒక దశ ఏంటంటే, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం. చిన్న పిల్లల్లో ఇది మామూలే. చూడ్డానికి ఒంటరిగా ఉన్నట్టు ఉంటుంది కానీ, పక్కోడు ఇటుక ఎలా పేరుస్తున్నాడో ఓరకంట చూస్తూనే ఉంటాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌గ్రౌండ్‌లో డౌన్‌లోడ్ అవుతూ ఉంది. మీకు స్క్రీన్ మీద కనపడట్లేదు, అంతే.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం: రాత. "పక్క స్కూల్లో అప్పుడే ఏబీసీడీలు రాయిస్తున్నారు!" సరే, ఒక ఎక్స్‌రే గురించి చెప్తా. మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. మూడేళ్ల పిల్లల చేతిని ఎక్స్‌రే తీస్తే సాధారణంగా రెండో మూడో కనిపిస్తాయి. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఎముకలుగా మారడానికి ఏళ్లు పడుతుంది. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి పేజీ నింపమంటే వాడికి నొప్పి, మనకు వంకర గీతలు. ఆ చేతికి ముందు కావాల్సింది బలం. బంకమట్టి పిసకాలి, చపాతీ పిండి ముద్ద నొక్కాలి, శనక్కాయలు ఒలవాలి, నీళ్లు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయాలి. రేపు పెన్సిల్ పట్టుకునేది ఈ వేళ్లే.

మన పెద్దవాళ్లకు ఇది తెలియదా? అక్షరాభ్యాసం గుర్తు తెచ్చుకోండి. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లోడి వేలు పట్టుకుని అందులో దిద్దిస్తారు. మొదటి అక్షరం వేలితోనే, బియ్యంలోనే! మరియా మాంటిస్సోరీ పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలితో దిద్దిస్తారు. ఆవిడ 1939లో మద్రాస్ అడయార్‌కి వచ్చి టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. బియ్యం పళ్లెం అయినా, గరుకు అక్షరం అయినా లాజిక్ ఒకటే: ముందు వేలికి తెలియాలి, తర్వాత పెన్సిల్‌కి.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి బ్రో, ప్రూఫ్ ఏంది?" అంటారా? మన తెలుగు నేల మీదే జరిగిన స్టడీ ఉంది. 2011లో మొదలుపెట్టి అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో సుమారు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను, వాళ్లకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఫాలో అయ్యారు. అంబేద్కర్ యూనివర్సిటీ ఢిల్లీ, అసర్ సెంటర్ కలిసి చేశారు, 2017లో రిపోర్ట్ వచ్చింది. అందులో తేలింది వింటే రెండు వైపులా తగులుతుంది. చాలా అంగన్‌వాడీల్లో చదువుకి తక్కువ టైమ్ ఇస్తున్నారు. చాలా ప్రైవేట్ నర్సరీల్లో ఒకటో తరగతి పాఠాన్నే కిందికి దింపి రుద్దుతున్నారు. రెండూ ఆ వయసుకి సరిపోవు. వయసుకు తగ్గ ఆటలు, పనులు ప్లాన్ చేసి చేయించిన చోట పిల్లలు బడికి బాగా రెడీ అయ్యారు.

ఇక్కడ "ప్లాన్ చేసి" అనే మాట గమనించండి. ఆట అంటే నాలుగు బొమ్మలు పడేసి వదిలేయడం కాదు. ఉదాహరణకి వామనగుంటలు. మూడేళ్ల పిల్లోడికి రూల్స్ అక్కర్లేదు. ఒక్కో గుంటలో ఒక్కో చింతగింజ వేస్తూ పోతే చాలు. నోటితో ఒకటి రెండు మూడు అని అప్పజెప్పడం వేరు, ఒక గుంటకి ఒక గింజ అని చేత్తో తెలుసుకోవడం వేరు. లెక్కలకు పునాది ఆ రెండోదే. అయితే గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసు కాబట్టి పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. మన వైపు ఇళ్లలో నాపరాయి బండలే కదా? ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి, గీత తొక్కకుండా గెంతమనండి. బ్యాలెన్స్, లెక్క రెండూ వస్తాయి. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడితే వరసలో ఆగడం, ముందున్నోడిని తోయకపోవడం వస్తుంది. ఒకటో తరగతి టీచర్‌ని అడిగి చూడండి, ఈ ఆగడం ఎంత పెద్ద విద్యో చెప్తారు.

మరి అంగన్‌వాడీల్లో ఈ టైమ్ ఎందుకు దొరకట్లేదు? 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైన పథకం ఇది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు చెప్పడం మొదటి నుంచీ అందులో భాగమే. కానీ టీచరమ్మ ఒక్కరే. బరువులు తూచాలి, గర్భిణుల వివరాలు రాయాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీ చేయాలి, గుడ్డు, పాలు, వంట చూసుకోవాలి. ఇన్ని పనుల్లో ముందు కోత పడేది ఆ ఆట గంటకే. తమిళనాడులో 320 అంగన్‌వాడీలు తీసుకుని, సగం చోట్ల పిల్లల చదువు కోసం పూట పనికి ఒక అదనపు వర్కర్‌ని పెట్టి చూశారు. పిల్లల చదువుకి దొరికే టైమ్ దాదాపు రెట్టింపయింది. లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి, పోషణ లోపం కూడా తగ్గింది. అంటే కావాల్సింది కొత్త పుస్తకాల సంచి కాదు, పిల్లలతో కూర్చునే ఇంకో మనిషి.

కాబట్టి మనం అడగాల్సింది కూడా మార్చుకోవాలి. బడికి వెళ్లి "ఏం రాయించారు?" అనకండి. "ఈ రోజు ఏం ఆడించారమ్మా? బయట ఎంతసేపు ఆడారు? కథ చెప్పారా?" అని మర్యాదగా అడగండి. సమాధానం లేకపోతే అప్పుడు మళ్లీ అడగండి, గట్టిగానే అడగండి. 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళికలో కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి ఆటే దారి అని ఉంది. మీరు కొత్తగా కోరేది ఏమీ లేదు.

ఇంటి దగ్గర సాయంత్రం కూడా అంతే. అవ్వ ముందు నిలబెట్టి "ఏదీ, ఏబీసీడీ చెప్పు" అని ఇంటర్వ్యూ చేయొద్దు. "ఎవరి పక్కన కూర్చున్నావు? ఏడ్చినోళ్లని ఎవరు ఊరుకోబెట్టారు? ఏం పాట పాడారు?" అని అడగండి. మొదట్లో "ఏమో" అంటాడు. పది రోజుల తర్వాత వాడే చెప్పడం మొదలుపెడతాడు. అది కూడా భాషే.

చివరగా, ఫోన్ గురించి నేనే చెప్పాలి, ఎందుకంటే నేను బతికేది మీ ఫోన్‌లోనే. రైమ్స్ వీడియో పెట్టి చేతికిచ్చేస్తే అది ఆట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు స్క్రీన్ గంటకు మించొద్దు, తక్కువైతే ఇంకా మంచిది. ఒళ్లు కదిలే ఆట మాత్రం కనీసం మూడు గంటలు ఉండాలి. వీడియోలో పిల్లి కనపడుతుంది కానీ, పిల్లోడు కళ్లు మూసుకుని పది లెక్కపెట్టేదాకా మంచం కింద దాక్కోదు. అది మీరే చేయాలి.

ఈ వీడియో చిన్న పిల్లలున్న మీ అక్కకో, వదినకో పంపించండి. మీ ఊళ్లో పిల్లలు ఆడే ఆటల పేర్లు కామెంట్‌లో రాయండి, ఎలా ఆడాలో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని ఆడి చూపిస్తా. ఉంటా ఫ్రెండ్స్, బై.