వంటశాలలోని ప్రార్థన

ప్రార్థనకు తీరిక చాలుటలేదని గృహస్థులు తరచుగా చెప్పుదురు. తెల్లవారినది మొదలు పొయ్యి, పిల్లలు, కచేరి, అంగడి. రాత్రి మోకరించువేళకు కన్నులు మూతపడును. ఆదివారము దేవాలయములో గడపిన ఘడియ దేవునిది, తక్కిన ఆరు దినములును లోకమువి అని ఒక లెక్క మనస్సులో స్థిరపడిపోవును. క్రైస్తవధర్మము ఈ లెక్క నంగీకరింపదు. ప్రార్థనకు ఎడతెగరాదని థెస్సలొనీకలోని సంఘమునకు వ్రాసిన పౌలు, గుడారములు కుట్టి జీవించినవాడు. చేతిపనులతో పొట్టపోసికొనుడని కూడ ఆ లేఖలోనే ఆయన బోధించెను. ఈ రెండును ఒక్క జీవితములో ఇముడుట యెట్లు?

ఈ ప్రశ్నకు పదునేడవ శతాబ్దమున పారిస్ నగరములో ఒక వంటవాడు తన బ్రతుకుతోనే సమాధానము చెప్పెను. ఆయన పేరు నికొలా హెర్మాన్. 1614 ప్రాంతమున లొరేన్ సీమలోని ఒక పల్లెలో బీదయింట పుట్టెను. ముప్పదియేండ్ల యుద్ధములో సైనికుడై, గాయపడి కుంటివాడయ్యెను. కొంతకాలము ఒక సంపన్నుని కొలువులో సేవకుడుగా నుండి, 1640లో పారిస్‌లోని కార్మెల్ మఠమున చేరి, లారెన్సు అను సహోదరుడయ్యెను. మఠమువారు ఆయనకు వంటపని నప్పగించిరి. ఆ పని యన్న ఆయనకు స్వభావముచేతనే రోత. అయినను సుమారు పదునైదేండ్లు ఆ పొయ్యియొద్దనే గడపెను. పిమ్మట పాదరక్షలు కుట్టు పనికి మారెను.

ఒకసారి ద్రాక్షారసము కొని తెచ్చుటకు ఆయనను బర్గండీ సీమకు పంపిరి. ఆయనకు వ్యాపారమా తెలియదు, కాలా కుంటిది. పడవలో పీపాలమీదుగా దొర్లుచు గాని కదలలేకపోయెను. ఇది దేవుని కార్యమేయని ఆయనకే విన్నవించుకొని పోయెను. పని చక్కగా నెరవేరెను.

ఆయన సాధన మిక్కిలి సరళమైనది. పని ఆరంభమున దేవునితో ఒక మాట, నడుమ ఒక తలంపు, ముగింపున కృతజ్ఞత. పెనముమీది అట్టును తిరుగవేయుటయైనను దేవునిపై ప్రేమతో చేసిన అది ఆరాధనయే యని ఆయన నమ్మకము. మనస్సు చెదరినప్పుడు తన్ను తాను నిందించుకొనుచు కూర్చుండక, దానిని మెల్లగా మరల దేవునివైపు త్రిప్పుకొనెడివాడు.

వినుటకు ఇది సులభము. కాని మఠమున చేరిన తరువాత సుమారు పదియేండ్లు ఆయన అంతరంగమున తీవ్రవేదన ననుభవించెను. తాను దేవునిచే విడువబడినవాడనేమో యని భయపడిన కాలమును గలదు. శాంతి లభించువరకు ఆయన సాధనను వాయిదా వేయలేదు. సాధన సాగుచుండగా శాంతి వచ్చెను. మన యిండ్లలో నలిగిన మనస్సుతో పనిచేయువారికి ఇది గొప్ప ఆదరణ.

ఈ మార్గమున రెండు ప్రమాదములు గలవు. పనియే ప్రార్థన గదాయని ఏకాంతప్రార్థనను మానుట మొదటిది. లారెన్సు మఠనియమము విధించిన ప్రార్థనవేళలను విడువలేదు. క్రీస్తు సయితము జనసమూహములను పంపివేసి, ప్రార్థించుటకు ఒంటరిగా కొండ యెక్కెను. ప్రార్థన నెపమున పనిని పాడుచేయుట రెండవది. మాడిన కూరను, కూలివానికి అందని కూలిని, తప్పుడు తూకమును స్తోత్రములు కప్పిపుచ్చజాలవు. వర్తకుని ప్రార్థన యెట్టిదో అతని తూకపురాయి చెప్పును.

లారెన్సు పండితుడు కాడు. 1666లో మొదలుకొని జోసెఫ్ ద బోఫోర్ అను గురువు ఆయనతో జరిపిన సంభాషణలను వ్రాసిపెట్టెను. 1691లో లారెన్సు మరణించిన పిమ్మట, ఆ సంభాషణలును ఆయన లేఖలును అచ్చయ్యెను. కాథలికులును ప్రొటెస్టెంటులును నేటికిని వానిని చదువుచున్నారు.

పొయ్యి వెలిగించునపుడు, ఇల్లు వెడలునపుడు, లెక్కపుస్తకము తెరచునపుడు, పరులపై కోపము పొంగిన క్షణమున, దేవునితో ఒక చిన్న మాట చెప్పుకొనుటకు వేరుగా తీరిక అక్కరలేదు. తరచుగా మరచిపోవుదుము. జ్ఞప్తికి వచ్చినంతనే మరల మొదలుపెట్టుదము. వంటశాలలో లారెన్సు చేసినదియు అంతియే.