లేచింది సరే, నిద్రమత్తు పోయిందా?

నిర్మల్ నుంచి మాట్లాడుతున్న. ముందు ఈ స్క్రీన్ చూడండి.

(స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలు)

సోన్ దగ్గర మా మామ పసుపు చేనుల తేమ చూసే డబ్బా పెట్టిన. లోపల ఎస్‌టీఎం32ఎఫ్103 నీలం బోర్డు. పది నిమిషాలకోసారి లేచి, తేమ చదివి, 9600 బాడ్‌తోని రేడియోకు పంపాలె. మొదటిసారి మంచిగనే పంపింది. పడుకొని లేచినంక ఇదీ కథ. "అల్లుడా, నీ డబ్బాకు ఇంకా నిద్రమత్తు పోలే" అన్నడు మామ. నవ్విన గానీ, రోగం సరిగ్గ అదే.

పవర్ ఇయ్యంగనే మన కోడ్ క్రిస్టల్, దాన్ని పెంచే పీఎల్ఎల్‌తోని క్లాక్‌ను 72 మెగాహెర్ట్జ్‌కు తెస్తది. పడుకున్నప్పుడు, అంటే స్టాప్ మోడ్‌ల, ఆ రెండూ ఆగుతయి. లేచినప్పుడు చిప్ తన లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆర్‌సీ క్లాక్ మీద నడుస్తది. అంటే తొమ్మిదో వంతు వేగం. 9600 కాస్తా 1067 అయింది. రేడియోకు ఏం సమజైతది?

(క్రిస్టల్ క్లోజప్)

ఈ వెండి డబ్బీల సన్నని క్వార్ట్జ్ రేకు ఉంటది. ఆగిన ఉయ్యాల అనుకోండి. సర్క్యూట్‌ల ఉండే నాయిసే మొదటి ఊపు. యాంప్లిఫైయర్ దాన్ని కొంచెం కొంచెం పెంచుతది. ఊగడం నిలకడ కావడానికి సుమారు 2 మిల్లీసెకన్లు. లోపలి ఆర్‌సీకి ఒకటి రెండు మైక్రోసెకన్లే. గడియారపు 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌కు సెకను దాటొచ్చు, అందుకే దాన్ని ఆపం. నిద్ర లేపే అలారం అదే.

మందు ఏంది? లేవంగనే క్రిస్టల్ ఆన్ చేసి, రెడీ బిట్ 1 అయ్యేదాకా చూడాలె. తర్వాత పీఎల్ఎల్, దానికీ రెడీ బిట్. అప్పుడే క్లాక్ మార్చాలె. కొందరు లెక్కగట్టి డిలే పెడతరు. టేబుల్ మీద నడుస్తది, చలికాలం తెల్లారుజామున బ్యాటరీ దిగినప్పుడు క్రిస్టల్ ఇంకా ఆలస్యం చేస్తే చేనుల దెబ్బ తింటది. రెడీ బిట్‌కు టైమ్‌అవుట్ కూడా పెట్టండి. క్రిస్టల్ రాకుంటే 8 మెగాహెర్ట్జ్ మీదనే బాడ్ మళ్ల లెక్కగట్టి పంపొచ్చు.

ఆ 2 మిల్లీసెకన్లు ఊరికే పోనియ్యకండి. తేమ చదవడానికి అంత కచ్చితమైన క్లాక్ అక్కర్లేదు. నేనిప్పుడు క్రిస్టల్‌ను లేపి, అది తేరుకునేలోపు సెన్సర్ చదువుతున్న.

మీ బోర్డు సంగతి తెల్వాలంటే స్కోప్ అక్కర్లేదు. సెకనుకోసారి మెరిసే ఎల్‌ఈడీ పెట్టి, ఒకసారి పడుకోబెట్టి లేపండి. తొమ్మిది సెకన్లకోసారి మెరిస్తే, మా మామ మాట మీ బోర్డుకూ వర్తిస్తది.