గాడి నుంచి గిన్నె దాకా: ఖనిజ లవణాల లెక్క

(నెల్లూరు జిల్లా తీర మండలాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టర్లు మైకు ముందుకు వస్తే వాటాధనం, బకాయిలు, ఆడిట్ అభ్యంతరాలు తప్ప వేరే మాట ఉండదని మీరు అనుకోవడం సహజం. మేము సహకార డిప్లొమా చదివిన వాళ్ళమే గాని వైద్యులం కాము, పశువైద్యులమూ కాము. అయితే లెక్క చూడడం మా వృత్తి. ఈ రోజు మీ ముందు ఒక లెక్క పెడతాము. ఇది ఏ సంఘం రిజిస్టరులోనూ రాయని లెక్క. భూమి నుంచి గడ్డిలోకి, గడ్డి నుంచి గేదెలోకి, గేదె నుంచి పాలలోకి, పాల నుంచి బిడ్డ ఎముకలోకి పోయే ఖనిజ లవణాల లెక్క. పశువుకు దాణా వేరు, మనిషికి తిండి వేరు, ఉప్పు వేరు, నీళ్ళు వేరు అని విడివిడిగా చూసినంతకాలం ఈ లెక్క కుదరదు. అన్నిటినీ ఒకే పద్దులో చూడాలి.

గేదె ఇచ్చేదెంత, మనం పెట్టేదెంత

గేదె పాలు లీటరులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పూటకు మూడు లీటర్ల చొప్పున రోజుకు ఆరు లీటర్లు ఇచ్చే గేదె 12 గ్రాముల కాల్షియాన్ని మన బిందెలో పోస్తున్నది. భాస్వరం దీనికి అదనం. ఇది రోజువారీ ఖర్చు. మరి జమ ఏది?

మన తీర మండలాలలో గేదెకు పెద్ద ఆధారం వరిగడ్డి. వరిగడ్డిలో భాస్వరం చాలా తక్కువ. ఉన్న కాల్షియాన్ని కూడా అందులోని ఆక్సలేటు పట్టి ఉంచి పశువుకు పూర్తిగా అందనివ్వదు. ఇక తవుడులో భాస్వరం బాగా ఉంటుంది గాని కాల్షియం ఉండదు. గడ్డి, తవుడు, కుడితి, ఈ మూడింటితో కడుపు నిండుతుంది. పద్దు మాత్రం నిండదు.

ఇక్కడ ఒక సంగతి గమనించగలరు. మేతలో కాల్షియం తగ్గినంత మాత్రాన పాలలో కాల్షియం తగ్గదు. గేదె తన ఎముకలో దాచుకున్నది కరిగించి పాలకు పంపుతుంది. అందుకే నష్టం మొదట బయటికి కనబడదు. వెన్న శాతం చీటీలో రాదు, కొలతలో తెలియదు. కొంతకాలం పోయాక గేదె సకాలంలో ఎదకు రాదు. ఎదకు వచ్చినా చూడి కట్టదు. గోడలు నాకుతుంది, గుడ్డలు, ఎముకలు నములుతుంది. ఈనిన ఒకటి రెండు రోజులలో మెడ పక్కకు తిప్పి, చెవులు చల్లబడి కూలబడుతుంది. దానినే పాలజ్వరం అంటారు. పేరుకు జ్వరమే గాని ఒళ్ళు చల్లగా ఉంటుంది. సకాలంలో పశువైద్యుడు వచ్చి కాల్షియం ఎక్కిస్తే లేచి నిలబడుతుంది, ఆలస్యమైతే చేతికి రాదు. మరికొన్ని గేదెలకు ఈనిన తరువాత మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వస్తుంది. దానికి భాస్వరం లోపం ముఖ్య కారణం.

ఒక ఈత తప్పిన గేదె ఏడాది పాటు మేత తిని పాలు ఇవ్వదు. సంఘంలో అప్పు తీసుకుని గేదెను కొన్న సభ్యుని వాయిదా తప్పడానికి కారణం వెతుకుతూ పోతే, చాలాసార్లు ఈ గాడి దగ్గరికే వచ్చి ఆగుతాము.

గాడిలో వేయవలసినవి

పెద్ద పాడిపశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, దానితో పాటు 30 గ్రాముల ఉప్పు దాణాలో కలిపి పెట్టాలి. అంటే గేదెకు నెలకు కిలోన్నర మిశ్రమం. ఈ మిశ్రమానికి భారత ప్రమాణం ఐ.ఎస్. 1664. ఆ ప్రమాణం ప్రకారం తయారైన సంచిలో నూటికి 20 పాళ్ళు కాల్షియం ఉందనుకుంటే 50 గ్రాములలో 10 గ్రాములు వస్తుంది. గేదె తిన్నదంతా ఒంటబట్టదు కాబట్టి ఈ 10 గ్రాములతోనే పని ముగియదు. మిగిలినది పచ్చిమేత నుంచి రావాలి. వరి కోసిన మడిలో పిల్లిపెసర, జనుము చల్లుకోవడం మన పెద్దల నాటి పద్ధతి. గట్టున నాలుగు అవిసె చెట్లు ఉన్నా మేలే. పప్పుజాతి మేతలలో కాల్షియం మెండు.

రెండు జాగ్రత్తలు. ఈనే ముందు రెండు మూడు వారాలు పశువైద్యుని సలహా లేకుండా కాల్షియం టానిక్కులు పోయరాదు. ఆ రోజులలో బయటి నుంచి ఎక్కువగా అందితే, ఎముక నుంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పి, ఈనిన తరువాత పాలజ్వరం ముప్పు పెరుగుతుంది. రెండవది, చవకగా వస్తున్నదని పేరూ ఊరూ లేని పొడి కొనరాదు. రాతి ఫాస్ఫేటులో ఫ్లోరిన్ ఉంటుంది. శుద్ధి చేయని ఆ పొడి కలిపితే మందు విషమవుతుంది. ప్రమాణంలో ఫ్లోరిన్‌కు హద్దు పెట్టినది అందుకే.

మన తీరంలో ఒక విచిత్రం చూస్తున్నాము. రొయ్యల గుంటలో రొయ్య గుల్ల గట్టిపడాలని బస్తాల కొద్దీ ఖనిజ లవణాలు చల్లుతున్నాము. ఆ రైతు ఇంటి వెనుకనే కట్టేసిన గేదెకు చారెడు వేయడానికి వెనకాడుతున్నాము. రొయ్యకు కావలసినది గేదెకు అక్కరలేదా?

నీళ్ళు కూడా మేతలో భాగమే

బ్రెజిల్ దేశంలో మన ఒంగోలు జాతి పశువులను నేటికీ నెలోర్ అని మన జిల్లా పేరుతోనే పిలుస్తారు. అది మనకు గర్వకారణం. ఇదే జిల్లా పేరు వైద్య గ్రంథాలలో మరో కారణంగా నిలిచిపోయింది. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ వ్యాధి గురించి ప్రకటించిన పరిశీలన అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో జరిపినదే. మనదేశంలో మనిషి ఎముకలను ఫ్లోరిన్ ఎలా పాడు చేస్తుందో వివరంగా లోకానికి తెలిసినది దానితోనే. నాడు మన జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయాయి. జిల్లా సరిహద్దు మారింది గాని భూమిలోని నీరు మారలేదు. మన ఉదయగిరి మెట్టలోనూ ఆ బాధ ఉన్నది.

వైద్యుల కంటే ముందు రైతులే ఎద్దుల కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. పశువు, మనిషి ఒకే బావి నీళ్ళు తాగారు. పశువు ముందుగా హెచ్చరించింది. దానిని మనం ఆలస్యంగా విన్నాము.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మరో సంగతి బయటపెట్టారు. ఫ్లోరిన్ ఉన్న కొన్ని గ్రామాలలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయి. తిండిలో కాల్షియం చాలని చోట ఫ్లోరిన్ చేసే హాని ఎక్కువ. అంటే నీటిలోని దోషానికి కంచంలోని లోపం తోడవుతున్నది. ఒక్కదానినే సరిచేస్తే చాలదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు హద్దు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. రంగు, రుచి చూసి కనిపెట్టలేము. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి చేత పరీక్ష చేయించవలసిందే. మన సముద్రతీర గ్రామాలలో ఫ్లోరిన్ కంటే ఉప్పదనం బాధ ఎక్కువ. పాలిచ్చే గేదెకు రోజుకు 50, 60 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. ఉప్పునీరైతే అది తాగదు. తాగకపోతే పాలు తగ్గుతాయి. మంచినీటి తొట్టి కట్టించడం కూడా సంఘం పనేనని మా మనవి.

ఇంటి గిన్నె సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన నాటి నుంచి సంఘం గొప్పతనాన్ని లీటర్లలో కొలవడం మనకు అలవాటైంది. సేకరణ పెంచండి అని చెప్పవలసిన ఉద్యోగం మాది. ఆ మాట మేము చెబుతూనే ఉన్నాము. కాని తనిఖీకి వెళ్ళిన ఊళ్ళలో కొన్ని ఇళ్ళ పద్ధతి చూస్తే మనసు ఒప్పడం లేదు. రెండు పూటలా ఉన్న పాలన్నీ కేంద్రానికి పోసి, ఇంట్లో పిల్లలకు నల్ల టీ నీళ్ళు ఇచ్చే పాడి ఇల్లు ఉన్నది. పది రోజులకొకసారి వచ్చే బిల్లు కోసం అలా చేస్తున్నారు. అప్పులున్న వారిని మేము తప్పు పట్టము. అయితే ఆ లెక్క సరిగా వేయలేదని మాత్రం చెప్పగలము.

2020లో భారత వైద్య పరిశోధనా మండలి చెప్పిన ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలిచ్చే తల్లికి 1200. ఏడాది నుంచి మూడేళ్ళ బిడ్డకు 500. పావు లీటరు గేదె పాలలో సుమారు 500 మిల్లీగ్రాములు ఉన్నది. అంటే మీరు ఇంట్లో ఆపుకున్న ఒక్క పావు లీటరు ఆ బిడ్డ రోజు పద్దును పూర్తి చేస్తుంది. అదే కాల్షియం బియ్యం నుంచి రావాలంటే ఎన్ని కిలోలు తిన్నా రాదు. వంద గ్రాముల బియ్యంలో ఉన్నది పది మిల్లీగ్రాముల లెక్క.

తల్లి సంగతి కూడా గేదె సంగతి వంటిదే. తినే తిండిలో లేకపోయినా చనుబాలలో కాల్షియం తగ్గదు. తల్లి ఎముక ఇచ్చుకుంటుంది. గడ్డి కోసేది, పేడ తీసేది, పాలు పితికేది ఆ అక్కే. ఇంట్లో అందరూ తాగగా మిగిలిన మజ్జిగ నీళ్ళు ఆమె వంతు. ఇది మారాలి.

అయితే పాలే సర్వస్వం అనుకోవడమూ సరికాదు. పాలలో ఇనుము దాదాపు లేదు. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ పట్టరాదు. ఏడాది నిండే వరకు గేదె పాలు ముఖ్య ఆహారం కాకూడదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని లెక్క.

దీనికి దూరం పోనక్కరలేదు. మన తీరంలో ఏది లేదు? రాగి సంగటిలో వంద గ్రాముల పిండికి 300 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం. మునగాకులోనూ అంతకు తగ్గదు. నువ్వులలో వెయ్యికి పైనే. నెత్తళ్ళ వంటి చిన్నచేపలు ముల్లుతో సహా తింటే కాల్షియం, ఇనుము రెండూ అందుతాయి. గూడూరు నిమ్మకాయలు దేశమంతా పోతున్నాయి. ఆకుకూర పప్పు మీద ఒక బద్ద పిండితే అందులోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. భోజనం కాగానే టీ, కాఫీ తాగితే ఆ ఇనుమును అడ్డుకుంటాయి. గంట ఆగి తాగండి. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు 180 రోజులు విడవకుండా వేసుకోవాలి. కాల్షియం మాత్రను, ఇనుము మాత్రను ఒకే పూట మింగరాదు. ఉదయపు ఎండ, ఒంటికి తగిన పని, కంటినిండా నిద్ర, ఇవి ఖర్చు లేని బలాలు.

ఉప్పు గురించి రెండు మాటలు

ఇసకపల్లి ఉప్పు మనకు ఇంటి సరుకు. సముద్రం పక్కన ఉన్నాము, అయోడిన్‌కు కొదవేమిటని కొందరు అడుగుతారు. సముద్రపు నీరు ఎండగట్టి తీసిన కల్లుప్పులో అయోడిన్ మిగిలేది అత్యల్పం. దాని లోపం గర్భంలోని బిడ్డ బుద్ధి మీద కూడా పడుతుంది. 2006 మే 17 నుంచి మనుషులు తినడానికి అయోడిన్ కలపని ఉప్పు అమ్మడం దేశమంతటా నిషేధం. వంటకు అయోడిన్ ఉప్పు వాడండి, మూత ఉన్న డబ్బాలో ఉంచండి. అలాగని ఎక్కువ వాడవద్దు. మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదు. పచ్చళ్ళు, ఎండుచేపల అలవాటున్న మనం ఈ సంగతి మరవకూడదు.

సంఘం చేయగలిగినది

ఉపన్యాసం విని ఇంటికి పోతే ప్రయోజనం లేదు. ఈ క్రింది పనులను మీ సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెట్టమని కోరుతున్నాము.

1. ప్రమాణ చిహ్నం ఉన్న ఖనిజ లవణ మిశ్రమం సంఘమే టోకుగా తెప్పించి, సభ్యులకు ఇచ్చి, పాల బిల్లులో కొద్దికొద్దిగా మినహాయించుకోవాలి. వంద పాడిపశువులున్న ఊరికి నెలకు 150 కిలోలు కావాలి.

2. ఉపవిధులు అనుమతించిన మేరకు లాభంలో కొంత భాగం మంచినీటి తొట్టికి, నీటి పరీక్షకు, పిల్లిపెసర విత్తనానికి కేటాయించాలి.

3. ఐదేళ్ళ లోపు బిడ్డ గాని, గర్భిణి గాని, బాలింత గాని ఉన్న సభ్యుని ఇంట్లో రోజుకు కనీసం అర లీటరు పాలు ఆపుకోవాలి. అందువల్ల పోత తగ్గిన సభ్యుని ఏ కార్యదర్శీ నిలదీయరాదు. ఆ అర లీటరు సంఘానికి నష్టం కాదు, సభ్యుని పొదుపు.

4. గాడి దగ్గర పని చేసే స్త్రీ పేరుతోనే సభ్యత్వం ఇవ్వాలి. బిల్లు ఆమె చేతికి వస్తే ఇంటి గిన్నె కూడా మారుతుంది.

మూడవ తీర్మానం వల్ల మా నెలవారీ నివేదికలో సేకరణ అంకె కొంచెం తగ్గవచ్చు. పైనుంచి ఎందుకు తగ్గిందని అడుగుతారు. అడిగితే ఆ పాలు ఎక్కడికి పోయాయో చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము. మీరు తీర్మానం చేసి పంపండి.