చొక్కా అంచు

నేడు పట్టములు పుచ్చుకొనుచున్న యువవైద్యులారా!

ఊపిరితిత్తిలోని గడ్డ తీయించుకొని, గాయము మాని, ఎక్స్‌రే నిర్మలముగా నున్నదని నేను సంతసించుచున్న నాలుగవ నెలలో, దివిసీమనుండి పటమటలోని నా గదికి వచ్చిన యొక పెద్దాయన, చొక్కాను ఒంటికి తగులనీయక రెండు వ్రేళ్ళతో ఎడముగా పట్టుకొని కూర్చుండెను. "కోత మానింది బాబూ, గుడ్డ తగిలితే మాత్రం నిప్పు పెట్టినట్టుంటుంది" అనెను.

పక్కటెముక దిగువ అంచున గల సన్నని గాడిలో సిర, దానిక్రింద ధమని, అన్నిటికి అడుగున నాడి వరుసగా నుండును. ఎముకలను ఎడముచేసి ఛాతీ తెరచునపుడు, మరుగు తక్కువైన ఆ నాడియే నలిగిపోవును. రెండు నెలలు దాటినను కోత వెంబడి విడువని నొప్పిని వైద్యులు ప్రత్యేకవ్యాధిగా గణించుచున్నారు.

దీనికి చలిని మందుగా వాడుట నూతనమే గాని, ఆ యెఱుక ప్రాచీనము. 1807లో ఐలావ్ రణరంగమున, గడ్డకట్టించు చలిలో అవయవములు ఛేదించినపుడు సైనికులకు బాధ తగ్గుటను నెపోలియను శస్త్రవైద్యుడు లారే గమనించెను. 1976లో లాయిడ్, బర్నార్డ్, గ్లిన్ అనువారు నాడిని గడ్డకట్టించు పద్ధతికి క్రయోఎనాల్జీసియా యని పేరిడి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఒత్తిడిలోనున్న నైట్రస్ ఆక్సైడు సన్నని రంధ్రముగుండ వెలువడి వ్యాకోచించగా, సలాక కొన సున్నకు దిగువ సుమారు 60, 70 డిగ్రీల చలికి దిగి, నాడిచుట్టు తెల్లని మంచుముద్ద కట్టును. లోపలి తంతువు క్షీణించును, దానిని పొదివియున్న తొడుగు నిలుచును. వేసవిలో కట్టివేసిన కృష్ణకాలువకు గట్లు చెడకయుండుటచే, లాకులెత్తగనే నీరు పాతదారినే పారునట్లు, తంతువు దినమునకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున ఆ తొడుగు వెంటనే తిరిగి పెరుగును. ఈ ఏర్పాటును తలచినప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును.

అయినను మీకు సగము మాట చెప్పి పంపజాలను. శస్త్రచికిత్స జరిగిన తొలిదినముల నొప్పిని ఇది తగ్గించునని పలు పరీక్షలు తెలిపినవి. చిరకాలపు నొప్పిని నివారించునా యనునది మాత్రము తేలలేదు. వెన్నులో మందెక్కించిన వారికంటె, నాడి గడ్డకట్టించిన వారిలోనే తరువాత తాకిడికి మంట హెచ్చుగా కనబడిన పరీక్షయు కలదు. నెలల తరబడి ఛాతీ మొద్దుబారియుండుటను ఓర్వలేని రోగులును గలరు. కావున ముందే వారికి తెలియజెప్పి, వారి సమ్మతి గైకొనుడు.

ఆ పెద్దాయనకు మందులు మార్చుటకు మించి నేను చేయగలిగినది లేకపోయెను. నాటినుండి నా రోగులను మూడవ నెలలో తప్పక పిలిపించి, ఫిల్ము చూచుటకు ముందే, చొక్కా ఎట్లు పట్టుకొని వచ్చుచున్నారో గుమ్మమునందే చూచుచున్నాను.