రైతు ఖాతాలో రాసిన కరెంటు



రాష్ట్ర విద్యుత్ బోర్డు అధ్యక్షుడిగా పనిచేసిన నార్ల తాతారావుగారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఆయన పేరుతోనే నడుస్తోంది కాబట్టి మీకు ఆయనను పరిచయం చెయ్యక్కర్లేదు. మాచ్‌ఖండ్ నుంచి శ్రీశైలం దాకా నడిచిన జలవిద్యుత్ కథ మీలో చాలామందికి అనుభవంలో ఉన్నదే. విద్యుత్ సంస్కరణలు సూచించిన హితేన్ భయ్యా కమిటీ, 1998 సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోవడం కూడా తెలిసినవే. నేను చదివింది ఆ తర్వాతి ఏడాదిన్నర కాగితాలు.

అప్పటి పంపుసెట్టుకు మీటరు లేదు. హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అని కట్టడమే. మరి రైతులు వాడింది ఎన్ని యూనిట్లు? సరఫరా అయిన మొత్తంలోంచి బిల్లులు వేసినవి తీసేసి, మిగిలినదాంట్లో కొంత లైన్ల నష్టంగా, తక్కినదంతా వ్యవసాయంగా రాసేవారు. దొంగ కరెంటు కూడా అలా రైతు ఖాతాలో చేరింది. సంస్కరణల చట్టం కింద ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లో ఈ లెక్కనే నిలదీశారు. ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ రీడింగును వాటి కిందున్న మోటార్ల హార్స్‌పవర్‌తో భాగించి, దాన్నిబట్టి మొత్తం వాడకాన్ని అంచనా కట్టారు. అందులోనూ చిక్కుంది. రికార్డులో అయిదు హార్స్‌పవర్ ఉన్న మోటారు చేలో అంతకు మించి లాగుతుంది, అనుమతి లేని మోటార్లు రికార్డుకే ఎక్కవు.

మండలి కేవలం ప్రపంచ బ్యాంకు షరతు అని తేల్చేసే పరిశోధకులతో నాకు పాత పేచీ. అప్పు నిజమే, 1999లో బ్యాంకు 21 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మండలి 2000 మే ఉత్తర్వు చార్జీలు పెంచిన మాటా నిజమే. ఆ పెంపుపై నిరసన తెలిపినవారి మీద అదే ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో పోయిన ప్రాణాలను ఏ వాదమూ తేలిక చెయ్యలేదు, చెయ్యకూడదు. అయినా ఒకటి అడుగుతాను: 1959 నుంచి బోర్డు ఏ రైతు సంఘం ముందు తన లెక్క పెట్టి జవాబు చెప్పింది? విచారణలో మామూలు వినియోగదారుడు లేచి అధికారిని అంకె అడిగాడు, అధికారి జవాబు చెప్పాల్సివచ్చింది. అప్పు పత్రాలు మాత్రమే చదివితే ఈ మార్పు కనపడదు. విచారణ రికార్డులు కూడా చదవాలి. వాటిని పక్కనపెట్టి రాసిన చరిత్ర సగం చరిత్రే.

సమయం మించుతోంది, తక్కినవి గబగబా చెబుతాను. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం పడింది, మీటరు మాట వెనకబడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైను దక్షిణ గ్రిడ్‌ను దేశపు గ్రిడ్‌తో కలిపింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 63తో పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడింది. ఒప్పందం ధరలే చెల్లించాలని 2022లో హైకోర్టు తీర్పిచ్చింది. ఒప్పందం మీద నమ్మకం పోతే తర్వాతి ప్లాంటుకు పెట్టుబడి రాదు.

సౌర విద్యుత్తు పగలే వస్తుంది. మోటార్లూ పగలే ఆడితే బ్యాటరీలకు పెట్టే ఖర్చు కొంత తప్పుతుంది. ఆ మోటార్లు ఎంత తాగుతున్నాయో చాలాచోట్ల ఇప్పటికీ అంచనానే. అది తేలకుండా ఎంత సోలార్ కొనాలో, ఎంత నిల్వ కట్టాలో ఎలా నిర్ణయిస్తారు?

విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, ఏటా నవంబరు చివరికి తమ ఆదాయ అవసరాల, చార్జీల నివేదికలు మండలికి దాఖలు చెయ్యాలి. విశ్రాంత ఇంజినీర్లు ఇక్కడ ఇంతమంది ఉన్నారు. ఈసారి మీరే అభ్యంతరాలు రాయండి, విచారణకు వెళ్లండి, వ్యవసాయ ఫీడర్ల రీడింగులు నెలనెలా ప్రకటించమని అడగండి.