పడుగు ఒక్కటే చాలదు



మన సమాఖ్య ముచ్చట్లన్నీ మాటర్‌మోస్ట్ అనే చాట్ సర్వర్‌ల నడుస్తున్నయని మీకు ఎరుకే. పోయిన ఏడు దాని డిస్క్ చెడిపోయింది. బ్యాకప్ ఉంది గదా అని నేను ధైర్యంగనే ఉన్న. తిరిగి ఎక్కిస్తే మాటలన్నీ వచ్చినయి, ఫొటో ఒక్కటి రాలే. సోలాపూర్ పెద్దలు పంపిన పాత జకార్డ్ చద్దర్ల నమూనాలు అట్ల పోయినయి. తప్పు నాదే.

సందేశాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. ఫొటోలు, ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో, సెట్టింగులు కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటాయి. నేను డేటాబేస్ ఒక్కటే దాచిన. పడుగు ఉండి పేక లేకుంటే బట్ట అయితదా?

ఇప్పుడు రోజూ రాత్రి పీజీ-డంప్‌తో ముందు డేటాబేస్ నకలు తీస్తున్నం. దానికి సర్వర్ ఆపే పని లేదు. ఆ తర్వాతే ఫోల్డర్, కాన్ఫిగ్. ఈ వరుసలో తీస్తే సందేశంలో ఉన్న ఫొటో నకలులోనూ ఉంటుంది. అందులో మన ఇండ్ల పెండ్లి సంబంధాల మాటలు కూడా ఉంటయి కాబట్టి పాస్‌వర్డ్‌తో తాళం వేసి, ఒకటి సోలాపూర్‌ల, ఒకటి భివండిల పెడుతున్నం. నెలకొకసారి ఖాళీ కంప్యూటర్‌లో అదే వెర్షన్ పెట్టి, పీజీ-రిస్టోర్‌తో ఎక్కించి, పాత ఫొటో ఒకటి తెరిచి చూస్తున్నం. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

ఆఖరిగా ఒక మాట. ఆ పాత చద్దర్లు ఎవరి పెట్టెలల్ల ఉన్నా, మళ్లొకసారి ఫొటో తీసి పంపాలని చేతులు జోడించి అడుగుతున్న.