ఒకే చిరునామా, వేల పేర్లు

తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం చదివి, ఆ వెంటనే తమిళ వికీపీడియా తెరిచారనుకోండి. రెండుసార్లూ మీ ఫోను వెళ్లి తలుపు తట్టేది ఒకే సంఖ్యా చిరునామా దగ్గర. మూడు వందలకు పైగా భాషల వికీపీడియాలకు దారి అదే. మరి మీరడిగింది తెలుగు పేజీ అని అవతలి సర్వరుకు ఎలా తెలుస్తోంది? బ్రౌజరు వెళ్తూనే సైటు పేరు చెబుతోంది కాబట్టి. ఈ పేరు చెప్పే అలవాటు వెబ్‌కు పుట్టుకతో వచ్చింది కాదు.

పేర్లను సంఖ్యలుగా మార్చే డీఎన్ఎస్ వ్యవస్థను పాల్ మొకాపెట్రిస్ 1983లోనే రూపొందించారు. ఆ తర్వాత జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను తయారుచేశారు. 1991 నాటి ఆ తొలి పద్ధతిలో బ్రౌజరు పంపేది ఒక్కటే వాక్యం: ఫలానా ఫైలు ఇవ్వు. డీఎన్ఎస్‌ను అడిగి సంఖ్య తెలుసుకున్నాక సైటు పేరును అక్కడే వదిలేసేది. ఉమ్మడి కుటుంబం ఉన్న ఇంటికి డోరు నంబరు మాత్రమే రాసి ఉత్తరం వేసినట్టు. అప్పట్లో ఒక యంత్రంలో ఒకే సైటు ఉండేది కనుక ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

1995 నాటికి వ్యాపారాలు వెబ్‌లోకి వచ్చాయి. ప్రతివారికీ సొంత డొమైన్, అంటే సైటుకు సొంత పేరు కావాలి, కానీ ప్రతివారికీ ఒక కంప్యూటరు కేటాయించడం తలకు మించిన ఖర్చు. సర్వర్లు నడిపేవారు అందుకో ఉపాయం చేశారు. ఒకే యంత్రానికి చాలా సంఖ్యా చిరునామాలు, అంటే ఐపీ చిరునామాలు తగిలించి, సైటుకు ఒకటి చొప్పున పంచారు. పని జరిగింది. కానీ అప్పట్లో ప్రపంచం మొత్తానికి ఉన్న చిరునామాలే సుమారు 429 కోట్లు. నాలుగు పేజీల చిన్న సైటుకు కూడా అందులోంచి ఒకటి తీసి ఇవ్వాలి.

దీనికి దొరికిన పరిష్కారం ఒక్క వరుస. బ్రౌజరు తన అభ్యర్థనలో హోస్ట్ అని రాసి, పక్కన సైటు పేరు జోడిస్తుంది, అంతే. మొదటి వాక్యంలోనే పూర్తి చిరునామా రాయించవచ్చు కదా అనిపిస్తుంది. అలా రాస్తే పాత సర్వర్లకు అర్థం కాదు. విడిగా ఒక వరుస చేరిస్తే మాత్రం, తెలియని సర్వరు దాన్ని పట్టించుకోకుండా తన పని తాను చేసుకుపోతుంది. ఉన్నవాటిలో దేన్నీ చెడగొట్టకుండా కొత్తదానికి చోటిచ్చిన ఈ ఓర్పు నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది. 1996లో వచ్చిన అపాచీ 1.1 సర్వరు ఈ పేరు చూసి సైటును ఎంచుకోవడం మొదలుపెట్టింది. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే పద్ధతికి 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ఆ వరుసను తప్పనిసరి చేసింది. అది లేకుండా వచ్చిన అభ్యర్థనను సర్వరు 400 అనే పొరపాటు సంకేతంతో తిప్పి పంపాలి.

దాంతో ఒక్క యంత్రంలో వందల సైట్లు ఇమిడాయి, అద్దెలు తగ్గాయి. చిన్న పత్రికకు, ఊరి సంఘానికి, ఒంటరి రచయితకు సొంత పేరుతో వెబ్‌లో నిలబడే స్తోమత వచ్చింది. 2003లో బెంజమిన్ ఎడెల్మన్ అనే పరిశోధకుడు లెక్క తీస్తే, వాడుకలో ఉన్న డొమైన్లలో 87 శాతానికి పైగా ఇతరులతో చిరునామా పంచుకుంటున్నవే.

ఈ సహజీవనానికి ఒక చేటు కూడా ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 2002లో ఒక చట్టం చేసి, పిల్లలపై అకృత్యాలను చూపే సైట్లను ఆపమని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించింది. ఉద్దేశం మంచిదే. కంపెనీలు చాలావరకు ఐపీ చిరునామాలనే మూసేశాయి. ఆపదలచిన సైట్లు 400 లోపు. వాటి పొరుగున ఉన్న పాపానికి మూతపడ్డవి పది లక్షలకు పైగా. 2004లో ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

ఇక భద్రత సంగతి. సంభాషణను గుట్టుగా ఉంచే హెచ్‌టీటీపీఎస్‌లో ముందు సర్వరు తన సర్టిఫికెట్ చూపాలి, ఆ తర్వాతే సంభాషణ. సర్టిఫికెట్ సైటు పేరు మీద ఉంటుంది. కానీ హోస్ట్ వరుస సంభాషణ మొదలయ్యాకే వస్తుంది. ఏ పేరు మీది సర్టిఫికెట్ చూపాలో సర్వరుకు ఎలా తెలియాలి? పాత లోటే మళ్లీ ఎదురైంది, మందూ అదే. పలకరింపులోనే పేరు చెప్పే ఎస్ఎన్ఐ అనే ఏర్పాటు 2003లో ప్రమాణంగా వచ్చింది. అయితే విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది తెలియదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్లో మద్దతు ఆపేదాకా, చాలామంది భద్రత కావాలంటే విడిగా చిరునామా కొనుక్కోవలసి వచ్చింది. ఈలోగా 2011 ఫిబ్రవరి 3న ముందు చెప్పుకున్న 429 కోట్ల చిరునామాల్లో ప్రపంచ స్థాయి నిల్వలో పంచడానికి మిగిలినవి అయిపోయాయి. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా సర్టిఫికెట్లు అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకే సర్వరులోని వందల సైట్లకు అవి అమరాయంటే ఎస్ఎన్ఐ చలవే.

ఒక్క చిక్కు మిగిలింది. ఎస్ఎన్ఐలో సైటు పేరు బాహాటంగా పోతుంది. దారిలో ఉన్నవారు మీరు చదివేదేమిటో చూడలేకపోయినా, ఏ సైటుకు వెళ్తున్నారో చూడగలరు. ఆ పేరును కూడా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోకి వచ్చింది. అయితే ఒక చిరునామాలో ఒకే సైటు ఉంటే పేరు దాచి ఫలితం లేదు, ఆ సంఖ్యే గుట్టు చెప్పేస్తుంది. ఒకే చిరునామాలో వేల సైట్లు కలిసి ఉన్నప్పుడే, మీరు వాటిలో దేని కోసం వచ్చారో బయటివారికి తెలియకుండా ఉంటుంది.